కాన్పు తర్వాత కాళ్ళలో ఉబ్బిన నరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పు అయ్యాక చెకప్‌కి వచ్చినప్పుడు బిడ్డ బరువు, టీకాలు, పాలు సరిపోతున్నాయా లేదా అన్నవన్నీ మాట్లాడుకుంటాం. తల్లి కాళ్ళ సంగతి మాత్రం చీర అంచు కిందే ఉండిపోతుంది. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "కాళ్ళలో నరాలు ఇలా తేలాయి, ఏమన్నా అవుతుందా?" అని అడిగేవాళ్ళు చాలామంది. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కాన్పు అయిన మొదటి ఆరు వారాలు

అంతకుముందు ఒక్క నరం కూడా కనబడేది కాదు. కడుపుతో ఉన్నప్పుడే ఎందుకిలా ఉబ్బాయి?

కాళ్ళలోని రక్తాన్ని పైకి, గుండెకు చేర్చే సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. ఒకవైపే తెరుచుకునే తలుపుల్లా ఇవి రక్తాన్ని పైకి పోనిస్తాయి, కిందికి జారనివ్వవు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ప్రొజెస్టిరాన్ హార్మోన్ వల్ల సిరల గోడలు వదులవుతాయి. పెరిగే గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరల మీద ఒత్తుతుంది. ఈ మూడూ కలిసేసరికి కవాటాలు సరిగా మూసుకోక, రక్తం కిందే నిలిచి నరాలు మెలికలు తిరుగుతాయి. వీటినే వెరికోస్ వెయిన్స్ అంటారు. అమ్మకో అమ్మమ్మకో ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పు కాన్పుకీ ఆ అవకాశం పెరుగుతుంది. మీరు ఏదో తప్పు చేసినందువల్ల వచ్చినవి కావు.

వాటంతట అవే తగ్గిపోతాయా? ఎన్నాళ్ళు చూడాలి?

చాలామందికి బాగా తగ్గుతాయి. బిడ్డ బయటికి రాగానే కడుపులో ఒత్తిడి పోతుంది. హార్మోన్లు, రక్తం పరిమాణం మామూలు స్థితికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి మూడు నెలల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది, కొందరికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా మెల్లగా తగ్గుతూనే ఉంటాయి. పూర్తిగా మాయమవకపోయినా బరువు, లాగుడు తగ్గితే అది మంచి సూచనే. అందుకే పురిట్లోనే లేజర్ చికిత్స ప్యాకేజీల గురించి ఆరా తీయాల్సిన పనిలేదు.

ఏది మామూలు నొప్పి, దేనికి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి?

సాయంత్రానికి రెండు కాళ్ళూ బరువెక్కడం, పాదాలు కొంచెం వాయడం, పడుకుంటే తగ్గడం మామూలు విషయాలు. అలా కాకుండా ఒక కాలే ఉన్నట్టుండి వాచిందనుకోండి. పిక్కలో గానీ తొడలో గానీ పట్టేసినట్టు నొప్పి, ముట్టుకుంటే వేడి, రంగు మారడం ఉన్నాయనుకోండి. అది లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. డీప్ వెయిన్ త్రాంబోసిస్, డీవీటీ అంటారు. కడుపుతో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు ఇది ఎడమ కాలికే ఎక్కువగా వస్తుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తాయి. అప్పుడు 108కి ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలు ఈ ముప్పు ఎక్కువ, తర్వాత పన్నెండో వారం దాకా మెల్లగా తగ్గుతూ వస్తుంది. మన ఇళ్ళలో "బాలింత నొప్పులు మామూలే, తైలం రాస్తే పోతుంది" అనేస్తారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ మాటకే. ఒక కాలు రెండోదానికంటే లావుగా కనిపిస్తే దానికి తైలం రాయకూడదు, సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తీయించాలి.

ఉబ్బిన నరం తాడులా గట్టిపడింది, ఎర్రగా ఉంది, ముట్టుకుంటే నొప్పి. ఇదీ ప్రమాదమేనా?

చర్మం కింద ఉండే సిరలో రక్తం గడ్డకట్టి వాచిందన్నమాట. లోపలి సిరలో గడ్డకట్టినంత ప్రమాదం కాదు గానీ, ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కి చూపించాలి. గజ్జకు దగ్గరగా ఉంటే గడ్డ లోపలికి పాకే వీలుంది. అలాంటప్పుడు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. గజ్జకు దూరంగా, చిన్నదిగా ఉంటే నొప్పి మందు, కాలిని నొక్కి పట్టే కంప్రెషన్ సాక్స్, నడకతో సర్దుకుంటుంది. పాలిచ్చే తల్లులకు సరిపడే నొప్పి మందులు ఉన్నాయి. పాలిస్తున్నానని ముందే చెప్పండి. ఆ నరాన్ని మాత్రం పిసకొద్దు.

మా అమ్మ, అత్తయ్య ఇద్దరూ మంచం దిగొద్దంటున్నారు. నడిస్తే నరాలు ఇంకా ఉబ్బుతాయా?

ఉబ్బవు, తగ్గుతాయి. కాళ్ళలోని రక్తాన్ని పైకి నెట్టేది పిక్క కండరమే. అడుగు వేసినప్పుడల్లా అది సిరల్ని నొక్కి రక్తాన్ని పైకి పంపుతుంది. రోజంతా పడుకుని ఉంటే ఆ పని ఆగిపోతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మామూలు కాన్పయితే అదే రోజు, సిజేరియన్ అయితే మత్తు వదిలాక డాక్టర్ చెప్పిన గంటల్లో లేచి నాలుగడుగులు వేయాలి. తర్వాత గదిలో, వరండాలో రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు పది నిమిషాలు నడిస్తే చాలు.

పెద్దవాళ్ళ మాటలో ప్రేమ ఉంది, న్యాయమూ ఉంది. బాలింతకు విశ్రాంతి కావాలి. బిందెలు మోయకూడదు, పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడకూడదు. అదంతా వాళ్ళు చూసుకుంటామంటే కాదనకండి. "పని చేయనమ్మా, కాసేపు నడుస్తానంతే" అని చెప్పండి. చాలామంది అమ్మలు ఒప్పుకుంటారు.

నూనె మర్దన, వేడినీళ్ళ పురిటి స్నానం మానేయాలా?

మొత్తంగా మానక్కర్లేదు. నడుముకీ వీపుకీ మర్దన హాయిగా ఉంటుంది. కాళ్ళలో ఉబ్బిన నరాల మీద మాత్రం బలంగా రుద్దనివ్వకండి. అక్కడ తేలిగ్గా నూనె పూస్తే సరిపోతుంది. మర్దన చేసే ఆవిడకు ముందే చూపించి చెప్పండి. నొప్పిగా వాచిన కాలిని అసలు ముట్టుకోనివ్వద్దు. ఇక నీళ్ళ విషయం: వేడికి సిరలు ఇంకా వెడల్పవుతాయి. మరిగే నీళ్ళు చెంబులతో కాళ్ళ మీద గుమ్మరించడం, కుంపటి కాళ్ళ దగ్గర పెట్టడం మంచిది కాదు. గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేసి, చివర్లో మోకాళ్ళ కింద చల్లటి నీళ్ళు పోసుకుంటే లాగుడు కాస్త తగ్గుతుంది.

నీళ్ళు తక్కువ తాగమంటున్నారు, కూరగాయలు కూడా పెట్టట్లేదు. దీనికీ నరాలకీ సంబంధం ఉందా?

ఉంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మలబద్ధకం వస్తే ముక్కినప్పుడల్లా ఆ ఒత్తిడి కాళ్ళ సిరల మీదా, మలద్వారం దగ్గరి సిరల మీదా పడుతుంది. మొలలు కూడా అలాగే వస్తాయి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ మీరూ ఒక గ్లాసు నీళ్ళు తాగండి. పథ్యం పాటించే ఇంట్లో కూడా బీరకాయ, పొట్లకాయ, మునగాకు, పెసరపప్పు పెట్టడానికి అభ్యంతరం ఉండదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

నడుం కట్టు గట్టిగా బిగిస్తున్నారు. కాళ్ళకు మంచిదేనా?

వదులుగా, ఊపిరి హాయిగా ఆడేలా ఉంటే ఫర్వాలేదు. బిగించి కడితే పొత్తికడుపులో ఒత్తిడి పెరిగి కాళ్ళ నుంచి రక్తం పైకి రావడం కష్టమవుతుంది. కట్టు కట్టాక పాదాలు ఎక్కువ వాస్తుంటే తీసేయండి.

కాళ్ళలోనే కాదు, జననాంగం దగ్గర కూడా నరాలు ఉబ్బాయి. ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

ఇది చాలామందికి వస్తుంది, గైనకాలజిస్టులకు కొత్తేం కాదు. కాన్పు తర్వాత ఆరు వారాల్లో దాదాపు అందరికీ సర్దుకుంటుంది. అప్పటిదాకా కాసేపు నడుము కింద దిండు పెట్టుకుని పడుకోవడం, గుడ్డలో చుట్టిన ఐస్ కొన్ని నిమిషాలు పెట్టడం హాయినిస్తాయి. నొప్పి పెరిగినా, ఆరు వారాలు దాటినా ఉంటే చెకప్‌లో చెప్పండి. పక్కన ఉన్న మగవాళ్ళను బయటికి పంపమని అడిగే హక్కు మీకుంది.

## ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా

కంప్రెషన్ సాక్స్ అంటున్నారు. ఏ రకం కొనాలి, మోకాలి దాకానా తొడ దాకానా?

చాలామందికి మోకాలి కింది దాకా ఉన్నవే చాలు. వీటిలో క్లాస్ 1, క్లాస్ 2 అని ఉంటాయి. క్లాస్ 1 చీలమండ దగ్గర సుమారు 18 నుంచి 21 మి.మీ. పాదరసం ఒత్తిడి ఇస్తుంది, క్లాస్ 2 సుమారు 23 నుంచి 32. మీకేది కావాలో డాక్టర్ చెప్తారు. షుగర్ ఉన్నవాళ్ళు, పాదాల్లో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు.

సైజు చెప్పుల నంబరును బట్టి తీసుకునేది కాదు. పొద్దున్నే, కాళ్ళు వాయకముందు చీలమండ దగ్గర సన్నటి చోట, పిక్క లావుగా ఉన్న చోట టేపుతో కొలిచి, ఆ కొలతలు డబ్బా మీది పట్టికతో సరిచూసుకోవాలి. వదులైతే ప్రయోజనం ఉండదు, బిగుతైతే మోకాలి కింద కోసుకుపోతుంది. ఆరు నెలలు వాడేసరికి సాగిపోతాయి, కొత్తవి కొనాలి.

వేసుకోవడానికే అరగంట పడుతోంది. ఎండాకాలంలో భరించలేకపోతున్నాను.

నిద్ర లేచి మంచం దిగకముందే వేసుకోవాలి. కాళ్ళు కిందికి వేలాడేసి తిరిగాక వేసుకుంటే అప్పటికే రక్తం దిగి ఉంటుంది, సాక్స్ ఎక్కదు. చెయ్యి లోపలికి పోనిచ్చి మడమ భాగం పట్టుకుని, సాక్సుని మడమ దాకా లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పండి. ముందు వేళ్ళు, పాదం ఎక్కించి మడమ సరిగ్గా మడమ మీద కూర్చుందో లేదో చూసుకోండి. తర్వాత మిగతాది కొంచెం కొంచెంగా పైకి జరపాలి. పైఅంచు పట్టుకుని ఒక్కసారిగా లాగొద్దు. చేతులకు పల్చటి రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే పట్టు దొరుకుతుంది. కాలికి కొబ్బరినూనె, లోషన్ రాత్రిపూట రాసుకోండి, పొద్దున రాస్తే జారుతుంది. పైఅంచు మడవకండి, మడిస్తే అక్కడ రెట్టింపు బిగుసుకుంటుంది.

రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. మే నెలలో రోజంతా వేసుకోలేకపోతే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, లేదా ఎక్కువసేపు నిలబడే పని ఉన్నప్పుడు వేసుకోండి. అసలు మానేయడం కంటే అది నయం. పాదాల వేళ్ళు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా వెంటనే తీసేయండి.

ఇంట్లో క్రేప్ బ్యాండేజీ ఉంది. అది చుట్టుకుంటే చాలదా?

దాంట్లో ఒత్తిడి ఒకేలా ఉండదు. ఒకచోట వదులు, ఒకచోట బిగువు. పైన బిగిస్తే రక్తం కిందే ఆగిపోతుంది. డాక్టర్ చెప్పి, చుట్టడం నేర్పిస్తే తప్ప వద్దు.

ఇంట్లో బిడ్డతోనే సరిపోతోంది. తక్కువ టైంలో చేసే వ్యాయామాలేమైనా ఉన్నాయా?

పాలిస్తూ కూర్చున్నప్పుడే పాదాల్ని ముందుకూ వెనక్కీ ఇరవై ముప్పై సార్లు ఆడించండి, చీలమండల్ని గుండ్రంగా తిప్పండి. బిడ్డ పడుకున్నాక గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగండి, పది పదిహేను సార్లు. పడుకున్నప్పుడు పదిహేను నిమిషాలు కాళ్ళ కింద దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచండి, రోజుకు మూడు నాలుగు సార్లు. ఓపిక వచ్చాక రోజూ అరగంట నడక. వీటితో ఉబ్బిన నరం మాయమైపోదు గానీ బరువు, వాపు తగ్గుతాయి.

కింద బాసింపట్టు వేసుకుని పాలివ్వొచ్చా?

ఇవ్వొచ్చు. ఒకే భంగిమలో గంట కూర్చోవడమే సమస్య. కుర్చీలో కూర్చుని పాదాలు చిన్న పీట మీద పెట్టుకుంటే ఇంకా మంచిది.

నాది బట్టల షాపులో ఉద్యోగం. రోజంతా నిలబడే ఉండాలి. ఏం చేయను?

టీచర్లు, నర్సులు, సేల్స్ గర్ల్స్, పోలీసులు అందరూ అడిగే ప్రశ్న ఇది. కదలకుండా నిలబడటమే కాళ్ళకు చేటు. నిలబడక తప్పకపోతే బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చండి. కౌంటర్ వెనక మునివేళ్ళ మీద లేచి దిగుతూ ఉండండి. అరగంటకోసారి నాలుగడుగులు వేయండి. డ్యూటీ ఉన్నంతసేపూ సాక్స్ వేసుకోండి. భోజనం టైంలో కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు ఒక స్టూల్ అడగండి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కల్పిస్తూ చట్టాన్ని సవరించారు. కోజికోడ్‌లోని బట్టల షాపుల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితేనే కేరళలో అది వచ్చింది. మన దగ్గరా షాపు యజమానిని కుర్చీ అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కాళ్ళ పరిస్థితి రాసిన డాక్టర్ చీటీ చూపించి అడిగితే మాటకు బలం ఉంటుంది.

మాత్రలు, ఆయింట్‌మెంట్‌తో పోతాయా?

పోవు. డయోస్మిన్ ఉన్న మాత్రలు కొందరికి బరువు, వాపు కొంత తగ్గిస్తాయి. పాడైన కవాటాన్ని బాగుచేయలేవు. తల్లిపాల విషయంలో వాటి భద్రత గురించి తగినంత సమాచారం లేదు కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. నరాల మీద రాసే ఆకు పసర్లు, వెనిగర్, జలగలు వీటికీ ఆ శక్తి లేదు.

ఈ నరాలుంటే కుటుంబ నియంత్రణ మాత్రలు వాడకూడదా?

ఉత్త ఉబ్బిన నరాలు ఏ పద్ధతికీ అడ్డు కాదు. ఎప్పుడైనా లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే మాత్రం ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడకూడదు. అలా గడ్డకట్టి ఉండకపోయినా, కాన్పైన మొదటి ఆరు వారాల్లో ఆ మాత్రలు మొదలుపెట్టకూడదు. పాలిచ్చేవాళ్ళు మామూలుగా ఆరు నెలల దాకా వాటికి దూరంగా ఉండటం మంచిది. కాపర్-టీలో హార్మోన్ లేదు, రక్తం గడ్డకట్టే భయమూ లేదు.

గోరు గీసుకుని నరం చిట్లింది, రక్తం ధారగా కారింది. మళ్ళీ అలా అయితే?

కంగారుపడి నిలబడి పరుగెత్తకండి. వెంటనే పడుకుని ఆ కాలు ఎత్తి పెట్టండి. శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోట గట్టిగా పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా నొక్కి పట్టండి. చాలావరకు ఆగిపోతుంది. ఆగకపోతే నొక్కి పట్టుకునే ఆస్పత్రికి వెళ్ళండి. పైన తాడు బిగించి కట్టొద్దు. ఆగినా సరే, ఒకసారి చిట్లిన నరం మళ్ళీ చిట్లుతుంది కాబట్టి త్వరగా డాక్టర్‌కి చూపించండి. దీనికి ఆరు నెలలు ఆగాల్సిన పనిలేదు.

## ఆరు నెలలు దాటినా తగ్గకపోతే

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి? ఏ పరీక్ష చేస్తారు?

వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి. ఆ స్పెషలిస్టు దగ్గరలో లేకపోతే జనరల్ సర్జన్. నరాలు అంటున్నా ఇవి రక్తం మోసే సిరలే కాబట్టి న్యూరాలజిస్టు అవసరం లేదు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది.

చేసేది డాప్లర్ స్కాన్. సూదులుండవు, నొప్పి ఉండదు. మిమ్మల్ని నిలబెట్టి, కాలికి జెల్ రాసి ప్రోబ్ పెడతారు. చేత్తో పిక్కను నొక్కి వదులుతారు. నొక్కినప్పుడు రక్తం పైకి పోతుంది. వదిలాక అర సెకను కంటే ఎక్కువసేపు కిందికి జారితే ఆ చోట కవాటం పాడైనట్టు లెక్క. పడుకోబెట్టి మాత్రమే చూస్తే ఈ లీకు సరిగా తెలియదు. ఈ స్కాన్ చేయకుండా, కాలిని చూసి లేజర్ చేసేద్దాం అంటే ఒప్పుకోకండి.

లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ, ఇంజెక్షన్, ఆపరేషన్: ఏది మంచిది?

ఏ సిర లీకవుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. తొడ లోపలివైపు పొడుగ్గా ఉండే పెద్ద సిర లీకైతే ఈ రోజుల్లో ముందుగా చూసేది లేజర్ లేదా రేడియోఫ్రీక్వెన్సీ. సూదితో సన్నటి తీగ సిర లోపలికి పంపి, చుట్టూ మత్తు నీళ్ళు ఎక్కించి, వేడితో ఆ సిరను లోపలే మూసేస్తారు. అదే రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళొచ్చు. అది కుదరనప్పుడు నురగ ఇంజెక్షన్, అంటే సిరను మూసే మందును నురగలా చేసి ఎక్కించడం. అదీ కుదరకపోతే ఆపరేషన్. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వరుస ఇదే. మెలికలు తిరిగిన పై నరాల్ని చిన్న గాట్లతో తీసేస్తారు. సన్నటి సాలెగూడు నరాలకు ఇంజెక్షన్ చాలు.

కొన్ని రోజులు కమిలిన మచ్చలు, లోపల తాడు లాగినట్టు ఉండటం మామూలే. కొందరికి చర్మం మీద తిమ్మిరి, ఇంజెక్షన్ చేసిన చోట గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉంటాయి. అరుదుగా లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. ఇవన్నీ డాక్టర్ ముందే చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగాలి.

సిరను మూసేస్తే రక్తం ఎలా పైకి వెళ్తుంది?

కాలిలోని రక్తంలో ఎక్కువ భాగాన్ని మోసేవి లోపలి సిరలు. పై సిర లీకవుతుంటే అది ఎలాగూ పనిచేయట్లేదు. మూసేశాక రక్తం మంచి సిరల్లోంచి పోతుంది.

ఇంకా పాలిస్తున్నాను. చికిత్స చేయించుకోవచ్చా?

వేడితో మూసే పద్ధతుల్లో వాడే స్థానిక మత్తుమందు పాలలోకి చేరేది చాలా తక్కువ, దానికోసం పాలు మాన్పించక్కర్లేదు. నురగ ఇంజెక్షన్‌లో వాడే మందుల గురించి తల్లిపాల విషయంలో సమాచారం తక్కువ. అందుకే చాలామంది డాక్టర్లు పాలు మాన్పించాక చేస్తారు, లేదా కొంతసేపు పాలు పిండి పారబోయమంటారు. పుండు, రక్తస్రావం లేనప్పుడు తొందరేం లేదు. బిడ్డ పాలు మరిచేదాకా సాక్స్‌తో నెట్టుకురావచ్చు.

చీలమండ లోపలివైపు చర్మం నల్లబడింది, విపరీతమైన దురద. చర్మం డాక్టర్ ఇచ్చిన క్రీములతో తగ్గట్లేదు.

అది చర్మం జబ్బు కాకపోవచ్చు. సిరల్లో ఒత్తిడి పెరిగి రక్తకణాలు చర్మంలోకి చేరితే అక్కడ నల్లబడి, గట్టిపడి, దురద పెడుతుంది. గోకితే పుండు పడుతుంది, ఆ పుండు నెలల తరబడి మానదు. కాలు అందంగా లేదన్నది ఎప్పుడైనా చూసుకోవచ్చు గానీ ఈ లక్షణం కనిపిస్తే వాయిదా వేయకూడదు. పుండు పడితే పసుపు, సున్నం, ఆకులు కట్టకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

ఖర్చు చాలా చెప్తున్నారు. ఆరోగ్యశ్రీలో, ఇన్సూరెన్సులో వస్తుందా?

మీ కార్డు చెల్లే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర స్కాన్ రిపోర్టు చూపించి, ఏ పద్ధతికి వర్తిస్తుందో అడగండి. ఆపరేషన్‌కి ఒకలా, లేజర్‌కి ఇంకోలా ఉండొచ్చు. ప్రైవేటు పాలసీల్లో చాలావాటిలో రెండేళ్ళు ఆగాల్సిన జబ్బుల జాబితాలో వెరికోస్ వెయిన్స్ ఉంటాయి. అందం కోసం చేయించుకునే సాలెగూడు నరాల ఇంజెక్షన్లకు డబ్బు రాదు.

## మళ్ళీ కడుపు పండితే

ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నాం. చికిత్స ఇప్పుడా, రెండో కాన్పు తర్వాతా?

ఇబ్బంది తక్కువగా ఉండి, ఏడాదిలోగా ఇంకో బిడ్డ అనుకుంటే ఆగడమే మేలు. మళ్ళీ గర్భం వస్తే కొత్త నరాలు ఉబ్బే అవకాశం ఉంది. పుండు, రక్తస్రావం, నల్లబడిన చర్మం, మళ్ళీ మళ్ళీ నరం వాచి గట్టిపడటం ఉంటే మాత్రం ఇప్పుడే చేయించుకోండి. కడుపుతో ఉన్నప్పుడు, మరీ తప్పనిసరైతే తప్ప, ఈ చికిత్సలు చేయరు.

ఈసారి రాకుండా పూర్తిగా ఆపగలమా?

కుటుంబంలో ఉన్నదాన్ని పూర్తిగా ఆపలేం. బాధ తగ్గించుకోవచ్చు. గర్భం నిర్ధారణ కాగానే సాక్స్ గురించి డాక్టర్‌ని అడగండి, రోజూ నడవండి, చివరి నెలల్లో ఎడమ వైపు తిరిగి పడుకోండి. ఈలోపు మొదటి కాన్పులో పెరిగిన బరువు కొంత తగ్గించుకుంటే కాళ్ళ మీద భారం తగ్గుతుంది. సిజేరియన్ చేయించుకుంటే నరాలు ఉబ్బవనుకోవడం అపోహ. నరాలు ఉబ్బేది ఆ తొమ్మిది నెలల్లో, కాన్పు గదిలో కాదు.

బిడ్డతో అమెరికా వెళ్ళాలి. అంతసేపు విమానంలో కూర్చోవచ్చా?

కాన్పైన మొదటి వారాల్లో, వీలైతే ఆరు వారాలు నిండేదాకా ఆగండి. తప్పనిసరైతే ముందుగా డాక్టర్‌ని కలవండి. ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్ళకు, మళ్ళీ గడ్డకట్టకుండా ఇంజెక్షన్ అవసరం కావచ్చు. నడవా పక్క సీటు అడగండి, సాక్స్ వేసుకోండి, గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు ఆడిస్తూ ఉండండి. హైదరాబాద్ నుంచి విశాఖకో తిరుపతికో రాత్రంతా బస్సులో వెళ్ళేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. బస్సు ఆగిన ప్రతిచోటా బిడ్డను పక్కవాళ్ళకిచ్చి కిందికి దిగి కాసేపు నడవండి.